అంతకుముందు ఏం జరిగింది?

మొన్న శుక్రవారం పొద్దున్నే మా ఓనరమ్మగారి కూతురు ఫోన్ చేసింది. "అమ్మీ ఇక లేదక్కా" అంది. అలాంటప్పుడు ఎవరైనా అయ్యో అంటారు. నా నోట్లోంచి మాత్రం "అంతకుముందు ఏం జరిగింది?" అన్న మాట వచ్చింది. అవతల ఆ అమ్మాయి ఏడుస్తూనే నవ్వింది. నమాజు చేసుకున్నారట, పాలు పలచగా ఉన్నాయని పాలవాడితో తగువు పెట్టుకున్నారట, టీ తాగి కాసేపు నడుం వాలుస్తానని పడుకున్నారట. అంతే, మళ్లీ లేవలేదు. తగువులో ఎవరు గెలిచారని అడిగాను. అమ్మీయే గెలిచిందని చెప్పింది. ఆ మాటతో నాకు కాస్త ఊపిరాడింది.

ఆ ప్రశ్న నాది కాదు, ఆమెది. ఆమె ఉద్యోగమంతా టెలిఫోన్ ఆఫీసులో కంప్లైంట్లు రాసుకునే సీట్లో గడిచింది. ల్యాండ్‌లైన్లు రాజ్యమేలిన ఆ రోజుల్లో ఊళ్లో ఎవరి ఫోను మూగబోయినా ముందు ఆమె చెవినే పడేది. ఫోను డెడ్ అయిందండీ అని అందరూ ఒకే మాట చెప్పేవారట. ఈమె ఆ మాట పట్టుకునేవారు కాదు. నిన్న ఇల్లు సర్దారా, బీరువా జరిపారా, పిల్లలు రిసీవరు సరిగ్గా పెట్టారా అని కూపీ లాగేవారు. సగం కంప్లైంట్లు బీరువా వెనక నలిగిన వైర్లేనని నాకు చెబుతుండేవారు.

వన్ టౌన్‌లో హోల్‌సేల్ షాపుల మధ్య ఒక ఇరుకు సందులో ఆమె ఇల్లు. కింద ఆమె, పైన నా రికార్డింగ్ గది. నాకు ముందు అది ఎండుమిర్చి గోడౌను. గోడలు మందం, కిటికీ ఒక్కటే, రికార్డింగుకు అంతకన్నా ఏం కావాలని తీసుకున్నాను. మొదటి నెల నా దగ్గరికి వచ్చిన గాయకులంతా పల్లవి దగ్గరే తుమ్మారు. డాన్సు స్కూళ్ల పాటలు, చర్చిల క్రిస్మస్ పాటలు, ఎన్నికలొస్తే ప్రచారం పాటలు, ఏది వస్తే అది చేసేదాన్ని.

పాటలు రికార్డు చేసే సాఫ్ట్‌వేర్ గురించి తెలియనివారికి ఒక మాట చెప్పాలి. దానికి ఏదైనా ఇబ్బంది వస్తే తెరమీద ఇంగ్లీషులో ఒక చిన్న వాక్యం చూపిస్తుంది. జడ్జిగారి తీర్పులాగా ఎంతో నమ్మకంగా చెబుతుంది. ఆ చెప్పింది చాలాసార్లు తప్పు.

గదిలో చేరిన కొత్తలో ఒకరోజు, మైకును కంప్యూటరుకు కలిపే పెట్టె కనబడడం లేదని మెసేజ్ వచ్చింది. పెట్టె నా కళ్లముందే ఉంది, దాని లైటు కూడా వెలుగుతోంది. వైర్లు మార్చాను, సాఫ్ట్‌వేర్ తీసేసి మళ్లీ ఎక్కించాను, చివరికి తల పట్టుకుని కూర్చున్నాను. నీళ్ల మోటరు కట్టెయ్యమని చెప్పడానికి పైకి వచ్చిన ఓనరమ్మగారు నా మొహం చూసి సంగతేమిటని అడిగారు. చెప్పాను.

"అది ఏమంటోందో నాకొద్దు. అది అనకముందు నువ్వేం చేశావు?"

"ఏం చెయ్యలేదండీ."

"ఏం చెయ్యలేదన్నవాళ్లే ఏదో ఒకటి చేసుంటారు. నిదానంగా గుర్తు తెచ్చుకో."

గుర్తొచ్చింది. పొద్దున మచిలీపట్నం పార్టీతో వీడియో కాల్ మాట్లాడి, తెరమీద ఆ కాల్‌ను మూయకుండా వదిలేశాను. అది నా మైకు పెట్టెను పట్టుకుని కూర్చుంది. దాన్ని మూయగానే పెట్టె కనబడింది. పెట్టె వేరొకరి చేతిలో ఉందని చెప్పడం చేతగాక, అసలు లేదనేసింది ఆ సాఫ్ట్‌వేర్. ఓనరమ్మగారు ఆ వివరం ఏదీ అడగలేదు. మరి మోటరు కట్టెయ్యమని చెప్పి కిందికి దిగిపోయారు.

అప్పటినుంచి ఏ మెసేజ్ వచ్చినా సాయంత్రం టీ దగ్గర ఆమెకు తెలుగులో చెప్పడం అలవాటైంది. పక్కింటి వాళ్లు సీరియల్ చూసినంత ఇష్టంగా ఆమె వినేవారు. సాఫ్ట్‌వేర్ అబద్ధమాడిందని నేను తిడితే మాత్రం ఒప్పుకునేవారు కాదు. "అబద్ధం కాదమ్మాయ్. బాధ నిజమే, అడ్రసు తప్పు" అనేవారు. ఆ మాట నాకు కంప్యూటరు దగ్గర ఎంత పనికొచ్చిందో మా అమ్మ కోపం దగ్గరా అంతే పనికొచ్చింది.

ఆమె ప్రతిసారీ సరిగ్గా చెప్పేవారని మీరు అనుకోవద్దు. ఒక నెలంతా ఎలుకలమీద పడ్డారు. శబ్దంలో చిటపటలు వచ్చినా ఎలుకే, ఫైలు తెరుచుకోకపోయినా ఎలుకే. ఎలుకలబోను తెచ్చి, అందులో పకోడీ ముక్క పెట్టి, నా స్పీకరు పక్కన ఉంచారు. ఎలుక పడలేదు, తబలా వాయించే ఆయన కాలి బొటనవేలు పడింది. ఆయన కేకలు విని ఈమె పైకి పరుగెత్తుకొచ్చి, ముందు బోను బాగా పనిచేస్తోందని సంతోషించారు.

ఇక అసలు సంగతికి వస్తాను. ఒక వేసవిలో గది మూసేద్దామనే అనుకుంటున్నాను. పనులు తగ్గిపోయాయి. ఆటోనగర్‌లో మా అన్నయ్య లారీ ఆఫీసులో నాకోసం ఒక కుర్చీ సిద్ధంగా ఉంది. అంతలో కూచిపూడి నుంచి ఒక నాట్యం మాస్టారు వచ్చారు. ఆయన శిష్యురాలి రంగప్రవేశానికి పాటలు రికార్డు చేయాలి. ఇది బాగా కుదిరితే ఆయనకు తెలిసిన డాన్సు స్కూళ్లన్నీ నా దగ్గరికే వస్తాయి. చెడితే నేను లారీ ఆఫీసులో కూర్చోవడమే. పాట తప్ప వేరే పని నేర్చుకోని దాన్ని, ఆ ఊహకే నాకు అన్నం సయించేది కాదు.

పాడేది మాస్టారి అక్కగారు. పెద్దావిడ. ముక్కలుగా పాడించుకుని అతికిస్తానంటే ఆవిడకు గిట్టదు. మృదంగం, వయొలిన్, తాళం పట్టే మాస్టారు, అందరూ కలిసి కూర్చోవాలి, పాట ఒక్క ఊపులో చివరిదాకా పోవాలి. చిన్న పాటలన్నీ హాయిగా అయిపోయాయి. పళ్లెం అంచుమీద నిలబడి ఆడే తరంగం మాత్రం పొడుగు పాట. దాని రికార్డింగు చివరి జతి దాకా వచ్చి ఆగిపోయేది. డిస్కు చాలా నెమ్మదిగా ఉందని మెసేజ్ వచ్చేది. కొత్త డిస్కు కొన్నాను. దానికన్నా మంచిది ఇంకొకటి కొన్నాను. మళ్లీ అక్కడే ఆగింది, మళ్లీ అదే మాట. పెద్దావిడ చెమట తుడుచుకుంటూ, ఇంకొక్కసారి పాడతానని, కుదరకపోతే హైదరాబాద్‌లో చూసుకుంటామని, ఇందులో నా తప్పేమీ లేదని అన్నారు. తిట్టినా బాగుండేది. అంత మర్యాదగా చెప్పేసరికి నాకు ఏడుపు ముంచుకొచ్చింది.

వాళ్లకోసం మజ్జిగ తెచ్చిన ఓనరమ్మగారు ఇదంతా గుమ్మంలో నిలబడి విన్నారు. గ్లాసులు అందరికీ ఇచ్చి, ప్లాస్టిక్ కుర్చీ లాక్కుని, ఉద్యోగంలో ఉన్నట్టే మొదలుపెట్టారు. ఆ మాట రాకముందు ఏం చేశావన్నారు. రికార్డు బటను నొక్కానన్నాను. అంతకుముందు అందరినీ కదలకుండా కూర్చోమన్నాను. అంతకుముందు మైకులో మోత పడకుండా ఫ్యానూ ఏసీ ఆపేశాను.

"అంతకుముందు?"

చెప్పడానికి సిగ్గేసింది. కంప్యూటరు లోపల తిరిగే చిన్న ఫ్యాను మోత కూడా పడకూడదని, ఇంటినుంచి పాత బొంత ఒకటి తెచ్చి దానిమీద కప్పేదాన్ని. చిన్న పాటలకు ఏ చిక్కూ రాలేదు గనుక ఆ బొంత సంగతి నా ఆలోచనలోకే రాలేదు. ఓనరమ్మగారు బల్లకిందికి వంగి, బొంతలోకి చేయి పెట్టి, చటుక్కున వెనక్కి తీసుకున్నారు.

"దీనికి ఒళ్లు కాలిపోతోందమ్మాయ్."

"మెసేజ్ డిస్కు గురించి కదండీ" అన్నాను, ఇంకా బుద్ధి రాక.

"మే నెలలో బొంత కప్పి పని చెయ్యమంటే నేనైనా అరుస్తాను. నోటికి ఏదొస్తే అది అరుస్తాను."

ముందు మృదంగం ఆయన నవ్వారు, తర్వాత పెద్దావిడ, చివరికి నేను. విషయం అంతే. వేడెక్కిన కంప్యూటరు తనను తాను కాపాడుకోవడానికి పని తగ్గించుకుంటుంది. పని ఎక్కడ ఆగిందో తెలియని సాఫ్ట్‌వేర్ ఆ నేరం డిస్కుమీద వేస్తుంది. కింది వీధిలోనే పొడుగు వైర్లు కొనుక్కొచ్చి, కంప్యూటరును గది బయట మెట్ల దగ్గర పెట్టాను. ఓనరమ్మగారు తన టేబుల్ ఫ్యాను తెచ్చి దానివైపు తిప్పి, పక్కన తను కూర్చున్నారు. సందులో బస్తాలు దించే హమాలీలను, హారన్ కొట్టే ఆటోవాళ్లను పైనుంచే వేలు చూపించి ఆపారు. తలుపు ఇవతల పెద్దావిడ పాడారు. చివరి జతి వచ్చింది, దాటింది, పాట ముగిసింది. ఎవరూ కదలలేదు. కాసేపటికి పెద్దావిడే, ఇక ఆ ఫ్యాను వెయ్యి తల్లీ అన్నారు. ఆ సాయంత్రం అన్నయ్యకు ఫోన్ చేసి, ఆ కుర్చీలో ఇంకెవరినైనా కూర్చోబెట్టుకోమన్నాను.

తర్వాత పనికి లోటు రాలేదు. నాలాంటి రికార్డింగ్ వాళ్లు చుట్టుపక్కల ఊళ్లనుంచి ఫోన్ చేసి వాళ్ల మెసేజ్‌లు చదివేవారు. నేను స్పీకర్ ఆన్ చేసేదాన్ని, మిగతాది ఓనరమ్మగారు చూసుకునేవారు. గుడివాడలో చర్చి పాటలు చేసే ఒకాయన, తన పాట తెరవడానికి తనకే పర్మిషన్ లేదంటోందని గోల పెట్టాడు. అంతకుముందు ఏం పీకారండీ అని ఈమె అడిగారు. పెన్‌డ్రైవ్ పీకి జేబులో వేసుకున్నాడట. పాట ఆయన జేబులో ఉంటే పర్మిషన్ ఎవరిస్తారని నావైపు తిరిగి నవ్వారు. కంప్లైంట్ సెక్షన్ మళ్లీ తెరిచామని కూతురితో గొప్పగా చెప్పుకునేవారు. అంత సంతోషంగా పనిచేసే మనిషిని నేను చూడలేదు, అదీ రిటైరయ్యాక.

శుక్రవారం మధ్యాహ్నం నమాజు తర్వాత మగవాళ్లు ఆమెను తీసుకెళ్లారు. సందులో హమాలీలు బస్తాలు దించి పక్కకు నిలబడ్డారు. ఆడవాళ్లం గుమ్మంలో ఉండిపోయాం. ఆమె కూతురు నా భుజంమీద తల పెట్టి, పైగది నీదేనక్కా, ఎక్కడికీ వెళ్లకు అంది. నాకు దుఃఖం ఉంది. దానికన్నా ఎక్కువగా, ఇలాంటి మనిషి ఇంటి పైకప్పు కింద ఇన్నేళ్లు పనిచేసుకున్నానన్న తృప్తి ఉంది.

ఇప్పుడు కళ్లు మూసుకుంటే నాకు ఆ రంగప్రవేశం రోజే కనబడుతోంది. ఓనరమ్మగారు ముందు వరసలో నా పక్కన కూర్చున్నారు. మాస్టారి శిష్యురాలు ఇత్తడి పళ్లెం అంచుమీదికి ఎక్కింది, స్పీకర్లలో తరంగం సాగుతోంది. చివరి జతి దగ్గరపడుతుంటే ఓనరమ్మగారు నా మణికట్టు గట్టిగా పట్టుకున్నారు. పాట అక్కడ ఎన్నిసార్లు తెగిపోయిందో ఆ హాల్లో ఎంతమందికి తెలుసు? ఆ చోటు వచ్చింది. పెద్దావిడ గొంతు ఆగకుండా దాన్ని దాటుకుని ముందుకు పోయింది, ఆ పిల్ల పళ్లెంతో సహా ముందుకు జరిగింది. పాట పూర్తయింది, హాలంతా చప్పట్లు కొడుతోంది. ఓనరమ్మగారు కొట్టలేదు, నా చేయి ఇంకా వదల్లేదు.