అమ్మ ఇచ్చిన మిస్‌కాల్

బయటివాళ్లు మా బచేలికి వచ్చారంటే కొండలో ఉన్న ఇనుము కోసమే. నాన్న కూడా అలాగే శ్రీకాకుళం నుంచి వచ్చి, గనిలో చేసి, రిటైరయ్యాడు. పోయిన చలికాలంలో స్పెయిన్ నుంచి వచ్చిన ఒకామె మాత్రం పిట్టల కోసం వచ్చింది. పిట్టల అరుపులు రికార్డు చేసే చదువట ఆమెది. మా కొండ గోరింకల గొంతు ఆమెకు కావాలి. నాన్న నమ్మలేదు.

"అరుపులకి ఇంత దూరమేటి? పొద్దున్నే మన వీధి కుళాయి కాడ నిలబడితే సరిపోద్ది కదా" అన్నాడు.

ఆమె మా ఇంట్లో ముందుగది అద్దెకు తీసుకుంది. అమ్మది కిష్టారం దగ్గర పల్లె. తెలుగు, దొర్లి, గోండి వచ్చు, సంతలో బేరమాడేంత హిందీ వచ్చు. ఆమెకు స్పానిష్, ఇంగ్లీషు వచ్చు. ఆమె హిందీ తిండి దగ్గర మొదలై తిండి దగ్గరే ఆగిపోయింది. అయినా ఇద్దరూ వంటింట్లో పీటలేసుకుని చింతపండు గింజలు తీస్తూ గంటల తరబడి మాట్లాడుకునేవాళ్లు. ఏం మాట్లాడుకున్నారో ఇద్దరికీ తెలియదు. అందుకే ఒక్కసారి కూడా గొడవ రాలేదని నా అభిప్రాయం.

గొడవ ఆమె వెళ్లిపోయాక వచ్చింది.

నేను కోచింగ్ సెంటర్‌లో ఇంగ్లీషు చెబుతాను. ఆమె ఉన్నప్పుడు కొంచెం స్పానిష్ నేర్చుకున్నాను. కొంచెం అంటే, ఆకలేస్తే బతుకుతాను, ఎవరైనా పోట్లాటకొస్తే ఓడిపోతాను. ఆ మాత్రం పాండిత్యంతోనే అమ్మకు అనువాదకుడిగా ఉంటానని ముందుకొచ్చాను. అమ్మ ఒప్పుకోలేదు.

"నువ్వొద్దు బిడ్డా. నేనొకటి చెప్తే నువ్వు దానికి నీ జోకులు కలుపుతవ్" అంది.

జోకులు కలపదన్న నమ్మకంతో ఫోన్లో అనువాదం చేసే యాప్ పెట్టించుకుంది. తెలుగులో మాట్లాడితే అది అటు స్పానిష్‌లో రాసి పంపుతుంది. దారిలో ఇంగ్లీషులో దిగి టీ తాగి వెళుతుందని అప్పట్లో మాకు తెలియదు.

ఇక్కడ మిస్‌కాల్ గురించి చెప్పాలి. అమ్మ పుట్టింటివైపు అది ఒక భాష. సిగ్నల్ చెట్టెక్కితే తప్ప దొరకని రోజుల్లో, దొరికినా బ్యాలెన్స్ లేని రోజుల్లో పుట్టిన భాష. ఒక్క రింగిచ్చి కట్ చేస్తే "గుర్తొచ్చావు, బాగున్నాను, ఎత్తకు" అని. ఆగి ఇంకోటిస్తే "నువ్వు చెయ్యి" అని. ఇప్పుడు కాల్ ఊరికే వస్తున్నా మా పిన్నులు ఆ పద్ధతి మానలేదు. సాయంత్రం టీ అయ్యాక అమ్మ ఫోన్ తీసుకుని అందరికీ తలా ఒక రింగు పంచుతుంది. ఆ పంపకంలో స్పెయిన్ కూడా చేరింది. పాపం ఆమె అక్కడ హడావిడిగా ఫోన్ అందుకునేలోపు కట్. తిరిగి చేస్తే అమ్మ ఎత్తదు. గుర్తొచ్చావని చెప్పడం అయిపోయింది కదా, ఇంకా మాటలెందుకు?

అలా వానాకాలం గడిచింది. ఆమె చలికి మళ్లీ వస్తానంది. అమ్మ ముందుగది మంచానికి కొత్త నవారు అల్లించింది. ఆమెకు ఇష్టమని మామిడి తాండ్ర డబ్బా తీసి, నాకు అందని అలమారలో పెట్టింది. అంటే తాళం ఉన్న అలమారలో.

ఒక ఆదివారం మధ్యాహ్నం నా ఫోన్‌కు ఆమె దగ్గర్నుంచి ఇంగ్లీషులో మెసేజ్ వచ్చింది. ఈసారి వేరేచోట గది చూసుకుంటానని, మీ అమ్మగారికి బరువు కాదలుచుకోలేదని, తెలియక ఏదైనా తప్పు చేసి ఉంటే క్షమించమని. చదివి అమ్మకు చెప్పాను. అమ్మ చేతిలో బియ్యం చేట ఉంది. దాన్ని కింద పెట్టింది. మా అమ్మ బియ్యం సగంలో ఆపడం నేనెప్పుడూ చూడలేదు.

"ఎందుకు? నేనేమన్న?"

"అదే చూద్దాం. నీ ఫోనివ్వు."

యాప్‌లో పాత మాటలన్నీ ఉన్నాయి. అమ్మ రోజూ మిస్‌కాల్ తర్వాత ఒకే మాట చెప్పేది: "బిడ్డా, నీకు మిస్సిచ్చిన. ఊకెనే." దాన్ని ఆ యాప్ ముందు ఇంగ్లీషు చేసింది. ఇంగ్లీషులో ఒకరికి మిస్ ఇవ్వడమంటే వాళ్లను కావాలని వదిలేయడం. అక్కడి నుంచి స్పానిష్‌కు పోయి "ఎ పసాదో దె తి" అయింది. అంటే, నిన్ను పట్టించుకోవడం మానేశాను. మా అమ్మ టీ తాగి, నోరు తుడుచుకుని, ప్రతి సాయంత్రం ఒక మనిషికి ఫోన్ మోగించి మరీ ఆ ముక్క చెబుతూ వచ్చిందన్నమాట.

ఆ పిల్ల ఓర్చుకుని ఓర్చుకుని ఒకరోజు అడిగింది, నా మీద కోపమా అని. దానికి అమ్మ జవాబు కూడా అక్కడే ఉంది: "అవును, మస్తు కోపం. ఎప్పుడొస్తవ్ మరి?" ఇందులో మొదటి వాక్యాన్ని యాప్ చక్కగా, తప్పు లేకుండా అనువదించింది. రెండోది, "మరి"ని మరణం అనుకుని, "మరణం ఎప్పుడు వస్తుంది" అయింది.

నేను నవ్వాను. అమ్మ నవ్వలేదు. అప్పుడు ఆపేశాను.

"ఆ పొల్ల ఇన్ని రోజులు దీన్ని చదువుకుంట కూసున్నదా?" అంది అమ్మ. "దిద్దు. ఇప్పుడే దిద్దు. జోకులు కలపకు."

కూర్చున్నాం. నాన్న కూడా కుర్చీ లాక్కుని వచ్చాడు, ఎవరూ పిలవకపోయినా.

ఇంగ్లీషులో మిస్ అనే మాట సామాన్యమైంది కాదు. స్పానిష్ వాళ్లు దాన్ని ముక్కలు చేసి, ఒక్కో ముక్కకు ఒక్కో పేరు పెట్టుకున్నారు. బండి మిస్సయితే పెర్దేర్, పోగొట్టుకోవడం.

"కిరండూల్ బండిని నేనెట్ల పోగొట్టుకుంట? నేను కొన్ననా?" అంది అమ్మ.

కుక్కకు వేసిన రాయి తగలకపోతే ఇంకోటి. డబ్బాలో చెంచా లేకపోతే మరోటి. బళ్లో పిల్లలు పిలిచే మిస్ వేరే.

"ఇంగ్లీషోళ్లకు గిన్నెలు తక్కువనా ఏంది? పప్పు, చారు, పాలు అన్నీ ఒక్క దాంట్లనే పోస్తరు" అంది.

"చివరిది ఇది. మనిషి లేక వెలితిగా ఉంటే, ఎచార్ దె మెనోస్. అక్షరాలా చూస్తే, తక్కువలోకి విసరడం."

"మనిషి యాదికొస్తే ఇసిరేస్తరా?"

"బెంగ అనొచ్చు కదరా" అన్నాడు నాన్న.

"బెంగ ఏంది, రంది" అంది అమ్మ.

"బెంగే."

"మీ దిక్కు బెంగ. మా దిక్కు రంది."

పెళ్లయిన దగ్గర్నుంచి వీళ్లిద్దరి మధ్య సరిహద్దు తగాదా ఇలాగే ఉంది. అది తేలేలోపు నేను టైపు చేసేశాను: అమ్మ నీ మీద బెంగ పెట్టుకుంది. పంపేముందు చదివి వినిపించాను. మంచి వాక్యం. కాస్త కన్నీళ్లు కూడా వచ్చేలా ఉంది.

"అబద్ధం" అంది అమ్మ. "రంది పడ్డోళ్లు అన్నం తింటరా? నేను బానే తిన్న. మిస్సిచ్చిన అంటే మిస్సిచ్చిన అనే. గట్లనే చెప్పు."

అక్కడ నా ఇంగ్లీషు టీచరు బుర్రకు తట్టింది. మేమందరం తప్పు గదిలో వెతుకుతున్నాం. మిస్‌కాల్‌లో మిస్సయ్యేది ఏమీ లేదు. వెళ్లాల్సిన చోటికి వెళ్లి, చెప్పాల్సింది చెప్పి, క్షేమంగా తిరిగొచ్చే కాల్ అది ఒక్కటే. దానికి ఇంగ్లీషువాడు తప్పు పేరు పెట్టాడు. స్పానిష్‌లో కూడా దాన్ని పోయిన కాల్ అనే అంటారని చూసి చెప్పాను.

"పోలే! నేనిచ్చిన!" అని అమ్మ కేకేసింది.

ఇక టైపింగుతో పనికాదని వీడియో కాల్ చేశాను. ఆమె ఎత్తింది. నవ్వింది గానీ, ఆ నవ్వు బంధువుల ఇంట్లో కాఫీ బాగాలేనప్పటి నవ్వు. నేను నాకొచ్చిన స్పానిష్ అంతా తీశాను. అమ్మ, ఫోన్, కోపం లేదు, యాప్ గాడిద. ఆమె శ్రద్ధగా విని, గాడిద ఎవరిదని అడిగింది.

అమ్మకు విసుగొచ్చింది. తన ఫోన్ తీసి, నా ఫోన్ ముందు ఊపి, ఆమె నంబరు నొక్కింది. అక్కడ ఆమె తెర మీద అమ్మ పేరు వెలిగింది కాబోలు, చూపు కిందికి దిగింది. అమ్మ టక్కున కట్ చేసి, తన గుండె మీద చెయ్యి వేసుకుని, ఆ చేతినే కెమెరా వైపు చాపింది.

"గిది. గింతే" అంది తెలుగులోనే.

ఆమె నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది. తర్వాత పెద్దగా అరిచింది: "ఉన్ తోకే! తోకే!"

"ఏంది, తోకనా? ఎవల తోక?" అంది అమ్మ.

ఆమె గబగబా చెప్పింది, ఈసారి ఇంగ్లీషులో. వాళ్ల బడి రోజుల్లో కూడా ఇదే ఉండేదట. డబ్బులు ఖర్చు కాకుండా స్నేహితులకు ఒక్క రింగిచ్చి కట్ చేసేవాళ్లట, గుర్తొచ్చావని. దాన్ని తోకే ఇవ్వడమంటారట. తోకే అంటే తాకడం, అలా వేలితో ఒకసారి తట్టడం. అమ్మకు తెలుగులో చెప్పాను.

"మరి! నేను ఇచ్చిందేంది? గదే!" అంది అమ్మ, ప్రపంచంలో అందరికీ తెలిసిన సంగతి మేమే ఆలస్యంగా కనిపెట్టినట్టు.

ఇద్దరూ కళ్లు తుడుచుకున్నారు. ఈ భాగానికి అనువాదం అవసరం లేకపోవడంతో నేను లేచి చేట పక్కకు జరిపాను. ఇంతలో అమ్మకు అసలు విషయం గుర్తొచ్చింది.

"వేరే గది సూస్కుంటదట! ఈడికొచ్చి వేరే ఇంట్ల దిగితే కాళ్లిరగ్గొడత అని చెప్పు."

మీరు మా ఇంట్లోనే ఉంటే అమ్మ సంతోషిస్తుందని నేను మర్యాదగా చెప్పాను. ఆమె అమ్మ ముఖం చూసింది, నా ముఖం చూసింది.

"మీ అమ్మగారు అన్నది అది కాదు" అంది. "కానీ, వస్తాను."

ఫోన్ పెట్టేయగానే అమ్మ ముందుగదిలోకి వెళ్లింది. ఆమె వెళ్లిపోయినప్పటి నుంచి ఆ గదిలో నేను ఉంటున్నాను. ఫ్యాను బాగా తిరుగుతుంది, కిటికీ పెద్దది, పైగా కొత్త నవారు కూడా నా నడుము కోసమేనని అనుకుంటూ వచ్చాను.

"ఇవేంది, ఈ ఇనుప ముక్కలు?" అని లోపలి నుంచి కేక.

"డంబెల్స్ అమ్మా."

"తీయ్. బట్టలు తీయ్. నీ మంచం వరండాల ఏస్కో."

"ఆమె రావడానికి ఇంకా చాలా రోజులుంది కదా?"

"గది గాలి పోస్కోవద్దా?"

నేను డంబెల్స్ ఒక చేత్తో, దిండు ఒక చేత్తో పట్టుకుని వరండాలోకి వచ్చాను. రాత్రిళ్లు అక్కడే పడుకునే నాన్న కాళ్లు కాస్త ముడుచుకుని చోటిచ్చాడు.

"రారా" అన్నాడు. "దోమతెర ఒకటే ఉంది. అది నాది."