తొట్టి మీదికెక్కిన ట్యూబ్‌లైటు

మా వీధిలో మొదటి ట్యూబ్‌లైటు మా హాల్లోదే. ఇవాళ దాన్ని ఊడదీయించి నా గాజుతొట్టి మీద బిగించాను. తొట్టిలో ఉన్నవి మంగినపూడి నుంచి తెచ్చిన సముద్రపు నీళ్లు, ఒక సముద్రపు పువ్వు, అంటే పువ్వులా విచ్చుకునే ఓ సముద్రప్రాణి. ఇన్నాళ్లూ పైన పెట్టిన బల్బు వేడికి పాపం అది ముడుచుకుపోయింది.

అత్తగారు మండిపడ్డారు. "మనుషులకి గుడ్డి బల్బూ, నీ పురుక్కి ట్యూబ్‌లైటూనా అమ్మాయ్?"

సాయంత్రం స్విచ్ వేశాను. కాసేపటికి పువ్వు మెల్లగా విచ్చుకుంది. రోజూ సంధ్యవేళ లైటు వెయ్యగానే దణ్ణం పెట్టుకునే అత్తగారు, ఇవాళ తొట్టి వైపు తిరిగి పెట్టుకున్నారు. ఆ వెంటనే గోడ మీంచి పక్కింటావిడకి కేక.

"వదినగారూ, ఒకసారి రండి! మా కోడలు పెంచింది!"

అత్తగారి దగ్గర ఇంతకన్నా పెద్ద సర్టిఫికెట్టు పుచ్చుకున్న కోడళ్లుంటే చెయ్యెత్తండి, చూస్తాను.