బాస్ రైఫిలుకు సంబంధాలు చూసిన చలికాలం

ఆ రోజుల్లో నాకు ఏ పని కుదరకపోయినా తప్పు నాది కాదు, చేతిలో ఉన్న వస్తువుది. వాక్యం సరిగా రాకపోతే పెన్నుది, నిద్ర పట్టకపోతే దిండుది, పప్పు మాడితే ఐర్లండు స్టవ్వుది. లోకంలో ఇన్ని వస్తువులు ఉండగా మనిషి తనను తాను తిట్టుకోవలసిన అవసరం ఏముందని నా ధీమా. ఆ ధీమాతోనే ఇరవై తొమ్మిదేళ్ళ వయసులో, ఆరేళ్ళు పనిచేసిన తెలుగు పేపరు జిల్లా డెస్కును వదిలిపెట్టి, ఐర్లండులో కాజిల్‌బార్ ఆసుపత్రిలో డాక్టరుగా చేరిన మా ఆవిడ వెంట ఇక్కడికి వచ్చాను. నవల రాస్తానని అందరికీ చెప్పి వచ్చాను. (అందరికీ అంటే నిజంగా అందరికీ. విమానంలో పక్క సీటాయనకు కూడా.) వచ్చిన ఆరు నెలల్లో మూడు రకాల పెన్నులు కొన్నాను, బల్లను కిటికీ దగ్గర నుంచి గోడ దగ్గరికి, గోడ దగ్గర నుంచి మళ్ళీ కిటికీ దగ్గరికి జరిపాను. నవల మాత్రం మొదటి పేజీ దాటలేదు. "ఈసారి బల్లని ఏ దిక్కుకి తిప్పావ్?" అని మా ఆవిడ డ్యూటీ నుంచి వస్తూనే అడిగేది. నేను ఆ ప్రశ్నను విమర్శగా కాక ఆసక్తిగా తీసుకునేవాణ్ణి.

ఊరికి నాలుగు మైళ్ళ అవతల ఒక రైతు ఇంటి వెనక భాగంలో అద్దెకుండేవాళ్ళం. ఆయనకు డెబ్బై దాటాయి, ఒంటరి మనిషి. నన్ను పేరు పెట్టి పిలవమన్నాడు. ఆ వయసు మనిషిని పేరు పెట్టి పిలవడానికి నా నోరు రాలేదు, 'సర్' అన్నాను. "సర్ అనిపించుకున్నవాడు మా స్కూలు మాస్టరు ఒక్కడే. ఆయన పోయి నలభై ఏళ్ళయింది, మళ్ళీ గుర్తు చెయ్యకు ల్యాడ్" అన్నాడు. (ల్యాడ్ అంటే 'కుర్రాడా' అని.) చివరికి ఇద్దరం 'బాస్' దగ్గర రాజీపడ్డాం.

నవంబరులో ఒక శనివారం పొద్దున బాస్ మా తలుపు తట్టి, "నువ్వు పేపర్లో పనిచేశావు కదా, చూసింది చూసినట్టు రాయగలవా?" అని అడిగాడు. ఆరు నెలల్లో నా వృత్తి గురించి ఒకరు అడగడం అదే మొదటిసారి. రాయగలనన్నాను. అయితే నోటు పుస్తకం తీసుకుని పొలానికి రమ్మన్నాడు. దారిలో విషయం చెప్పాడు. కొండవాలున ఆయన ఓకు మొక్కలు నాటాడు. జింకలు వచ్చి వాటి బెరడు చీరుకుని తినేస్తున్నాయి. అందుకని ఏటా చలికాలంలో లైసెన్సు ఉన్న మేరకు ఒకటో రెండో కొడతాడు. పోయిన చలికాలం ఒక ఆడజింకను కొట్టాడు. గుండు తగలవలసిన చోట తగల్లేదు. అది పడకుండా నడుచుకుంటూ పొదల్లోకి వెళ్ళిపోయింది. పక్క రైతు దగ్గర కుక్కను అడిగి తీసుకుని రెండు రోజులు వెతికాడు. దొరకలేదు.

"నలభై ఏళ్ళలో అలా జరగలేదు" అన్నాడు బాస్. "అది ఎక్కడ పడి ఉంటుందో అని ఇప్పటికీ గొర్రెల దగ్గరికి వెళ్ళినప్పుడల్లా పొదల్లోకి చూస్తుంటాను" అన్నాడు.

అందుకని ఒక ఒట్టు పెట్టుకున్నాడు. వంద గజాల దూరంలో వరసగా ఐదు తూటాలు టీ కప్పు పట్టేంత చోట పడాలి. అంతవరకూ జింక మీద గురి పెట్టడు. ఫిబ్రవరి చివరికి సీజను అయిపోతుంది. ఈలోగా కుదరకపోతే లైసెన్సు మళ్ళీ రాయించుకోడు, తండ్రి ఇచ్చిన రైఫిలును పోలీసులకు అప్పగించేస్తాడు. దీనంతటికీ కారణం తూటాలేనని ఆయన నమ్మకం. ఆయన ఎప్పుడూ వాడే రకాన్ని కంపెనీవాళ్ళు మానేశారు. కొత్తది వెతుక్కోవాలి.

తూటాలంటే సినిమాల్లో ఖంగుమని కిందపడే ఇత్తడి గొట్టాలని తప్ప నాకేమీ తెలియదు. అవన్నీ ఒకటే కాదని ఆ రోజే తెలిసింది. ముందున్న గుండు బరువు వేరు, దాని ముక్కు ఆకారం వేరు, సీసంతో చేసినవి, రాగితో చేసినవి, లోపలికి వెళ్ళాక పువ్వులా విచ్చుకునేవి. "విచ్చుకోకపోతే దూసుకుని బయటికి పోతుంది, జింక బాధపడుతుంది. మరీ తొందరగా విచ్చుకుంటే మాంసం పాడవుతుంది. సరైనదైతే దానికి చప్పుడు కూడా వినపడదు" అన్నాడు బాస్. (నేను ఆదివారం మటన్ కొట్టు ముందు వరసలో నిలబడి పెరిగినవాణ్ణి. 'తొడ వెయ్యి' అని అరవడం తప్ప, ఆ మేక గురించి ఇంత మర్యాదగా మాట్లాడిన మనిషిని అంతకుముందు చూడలేదు.) అన్నిటికన్నా వింత ఏమిటంటే ఏ తూటా మంచిదో మనం చెప్పలేమట, రైఫిలు చెప్పాలట. ఒకే కొలతవి, ఒకే కంపెనీలో పక్కపక్కన తయారైనవి అయినా ఒక రైఫిలుకు నచ్చినది ఇంకో రైఫిలుకు నచ్చదు. పెట్టె తెచ్చి కాల్చి చూడాలి. వింటుంటే నాకు విషయం బోధపడింది. ఇది పెళ్ళిచూపుల వ్యవహారం. పిల్ల గదిలోంచి బయటికి వచ్చేదాకా ఎవరూ ఏమీ చెప్పకూడదు.

సంబంధాలు వారానికి ఒకటే వచ్చేవి. ఇంట్లో ఎన్ని తూటాలు ఉంచుకోవచ్చో లైసెన్సులోనే రాసి ఉంటుంది కనుక ఒక రకం అయ్యాకే ఇంకో రకం. శుక్రవారం ఊళ్ళో తుపాకుల కొట్టుకు వెళ్ళేవాళ్ళం. కౌంటరు వెనక యాభై ఏళ్ళ ఆవిడ ఉండేది. కళ్ళజోడు మీదుగా చూసి "ఈ వారం కూడా నచ్చలేదా అబ్బాయికి?" అనేది. అబ్బాయి అంటే రైఫిలు. శనివారం పొలం చివర, మట్టిగుట్ట ముందు కాగితం కట్టి, బాస్ పట్టా పరుచుకుని బోర్లా పడుకునేవాడు. ఆయన వేళ్ళు చలికి వంగవు కనుక ఒక్కో తూటా అందించడం నా పని. తర్వాత మూడుకాళ్ళ దుర్భిణిలోంచి చూసి ఎక్కడ పడిందో రాసుకోవాలి. పేలుడుకు చెవులు పోకుండా ఇద్దరికీ కొబ్బరి చిప్పల్లాంటి డిప్పలు.

ఆ నోటు పుస్తకం ఇప్పటికీ నా దగ్గరుంది. జిల్లా డెస్కు అలవాటు ఎక్కడికి పోతుంది? "పచ్చ పెట్టె, తేలిక గుండు: ఐదింటిలో రెండు కుడికి, రెండు కిందికి. ఐదోదాని ఆచూకీ తెలియరాలేదు." "ఎర్ర పెట్టె, బరువు గుండు: పరిస్థితి ఉద్రిక్తం. కట్టిన కొయ్యకు గాయం." "జింక బొమ్మ పెట్టె: బొమ్మ బాగుంది." పచ్చ పెట్టెను మొదటి వారమే తిరగగొట్టాడు బాస్. "దెబ్బే లేదు దీనికి. ఆడుకునే తుపాకీలా ఉంది" అన్నాడు. వారం వారం బరువు పెంచుకుంటూ పోయాడు. బరువు పెరిగేకొద్దీ కాగితం మీద చిల్లులు చుట్టాల్లా ఒకదానికొకటి దూరమైపోయాయి. "గ్రాండ్, వచ్చే వారం చూద్దాం" అని లేచేవాడు. ('గ్రాండ్' అంటే ఇక్కడ 'అంతా బాగే' అని.) లేవడానికి మాత్రం ప్రతిసారీ ఎడమ చెయ్యే ఆనించేవాడు.

జనవరిలో ఒక శనివారం వానజల్లుకు దుర్భిణి అద్దం మసకబారింది. కాగితం కనపడలేదు. ఊరికే ఉండలేక బాస్ మొహం వంక చూశాను. మా ఎడిటరు ఒకాయన, సభకు వెళితే వేదికను అందరూ చూస్తారు, నువ్వు జనాన్ని చూడు అనేవాడు. ఆ అలవాటే అనుకుంటాను. రైఫిలు పేలడానికి రెప్పపాటు ముందు బాస్ కళ్ళు గట్టిగా మూసుకున్నాడు. అనుమానమేసి తర్వాతిదీ చూశాను. మళ్ళీ మూసుకున్నాడు, భుజం కూడా వెనక్కి గుంజుకున్నాడు. ఐదుకు ఐదుసార్లూ అంతే. ఆ వారం పెట్టె పేరు పక్కన ఏమీ రాయలేకపోయాను.

ఇంటికొచ్చి మా ఆవిడకు చెప్పాను. ఆమె ఏమాత్రం ఆశ్చర్యపోలేదు. "ఆయన కుడిచేత్తో కెటిల్ ఎత్తడం ఎప్పుడైనా చూశావా? నేను చూళ్ళేదు. ఆ భుజం ఏడాది నుంచీ బాగాలేనట్టుంది. పేలినప్పుడల్లా రైఫిలు వెనక్కి తన్నేది ఆ భుజాన్నే కదా" అంది.

"మరి చెప్పొచ్చుగా!"

"రెండుసార్లు చెప్పా, ఊళ్ళో GP డాక్టరుకి చూపించుకోమని. గ్రాండ్ అన్నాడు. ఇక్కడ కాలు విరిగినా గ్రాండే. నీతోనే కదా శనివారాలన్నీ, నువ్వే చెప్పు."

చెప్పడం ఎలా? నలభై ఏళ్ళు గురి తప్పని మనిషికి, జీవితంలో రబ్బరు బంతి కూడా సరిగ్గా విసరని నేను, తప్పు తూటాది కాదు నీదని చెప్పాలి. పైగా ఆయన మా ఇంటి ఓనరు. మార్చిలో లీజు మళ్ళీ రాసుకోవాలి. (ఐర్లండులో అద్దె ఇల్లు వెతికినవారికి ఈ వాక్యంలోని భయం వేరే చెప్పనక్కర్లేదు.) శుక్రవారం బాస్ బయట ఎవరితోనో మాట్లాడుతుంటే కౌంటరు ఆవిడకు గొంతు తగ్గించి చెప్పాను. ఆవిడ నవ్వలేదు. సొరుగులోంచి ఒక తూటా తీసి నా అరచేతిలో పెట్టింది. అన్నిటిలాగే ఉంది, కానీ లోపల మందు లేదు. "ఇది పేలదు. నాలుగోదిగా ఇది ఇవ్వు. ఏమీ చెప్పకు. మిగతాది రైఫిలే చెబుతుంది" అంది.

మర్నాడు మంచు పట్టిన గడ్డి మీద బాస్ పడుకున్నాడు. మొదటిది అందించాను, రెండోది, మూడోది. నాలుగోది అందించబోయి గడ్డిలో జారవిడిచి, తడిమి తీసి ఇచ్చాను. "చలిగా ఉందా ల్యాడ్?" అన్నాడు ప్రేమగా. దాంతో నా ప్రాణం ఇంకా చచ్చిపోయింది.

టిక్ మంది. అంతే, పేలలేదు. కానీ బాస్ పేలినట్టే అదిరిపడ్డాడు. కళ్ళు మూసుకుపోయాయి, భుజం ముడుచుకుపోయింది, రైఫిలు గొట్టం జానెడు కిందికి వాలి గడ్డిని చూస్తోంది. ఇన్ని వారాలూ పెద్ద చప్పుడు చాటున దాగిందంతా ఆ చిన్న చప్పుడులో బయటపడింది. ఆయన తూటాను బయటికి లాగి, వేళ్ళ మధ్య తిప్పి చూశాడు.

"ఎవరి పని ఇది?"

"సోర్స్ చెప్పలేను బాస్."

"కళ్ళజోడు మీంచి చూస్తుందా ఆ సోర్స్?"

"చెప్పలేను బాస్."

ఆయన రైఫిలు సంచిలో పెట్టుకుని ఇంటికి నడిచాడు. నేను పట్టా చుట్టుకుని వెనకాల నడిచాను. ఆదివారమంతా గోడ అవతల నుంచి అలికిడి లేదు. ఊళ్ళో ఖాళీగా ఉన్న ఇళ్ళేమిటో ఫోనులో చూడడం మొదలుపెట్టాను. సోమవారం పొద్దున తలుపు చప్పుడైంది. బాస్ టోపీ చేత్తో పట్టుకుని నిలబడ్డాడు. నన్ను దాటి లోపల మా ఆవిడ వంక చూస్తూ, "డాక్టర్, భుజానికి సూది వేస్తారటగా. అది నొప్పా?" అని అడిగాడు. కొండ మీద ఎద్దులతో కుస్తీ పట్టిన మనిషి, ఏడాదిగా తప్పించుకు తిరుగుతున్నది ఆ సూది నుంచి!

GP సూది వేశాడు. ఆయనా మా ఆవిడా చెప్పిన కసరత్తుల్ని బాస్ వంటింటి గోడకు చెయ్యి ఆనించి రోజూ చేశాడు, బూతులతో సహా. ఫిబ్రవరి రెండో వారంలో కొట్టుకు వెళ్ళి, తల దించుకుని, "ఆ మొదటి పచ్చ పెట్టె ఇంకా ఉందా?" అన్నాడు. "అబ్బాయి దిగొచ్చాడే!" అంది ఆవిడ. తేలిక గుండు, వెనక్కి తన్నే దెబ్బ తక్కువ. ఆ శనివారం ఐదు చిల్లులు టీ కప్పు కింద దాగిపోయాయి. నోటు పుస్తకంలో "సంబంధం ఖాయం" అని రాశాను. మొదటి వారం కాదని పంపేసిన పిల్లనే చివరికి చేసుకోవడం మా చుట్టాల్లోనూ ఉంది.

సీజను ఇక నాలుగు రోజులుందనగా, తెల్లగా తెల్లవారాక, ఓకు మొక్కల ఎగువన రాళ్ళ గోడ వెనక ఇద్దరం పడుకున్నాం. ఆడజింక ఒకటి దిగి వచ్చింది. పక్కకు తిరిగి నిలబడింది. ఆ తర్వాత ఏం జరిగిందో చూసింది చూసినట్టు రాయమంటే రాయలేను. ఎందుకంటే చప్పుడుకు ముందే కళ్ళు మూసుకున్నాను. తెరిచేసరికి జింక నిలబడ్డ చోటనే గడ్డిలో పడి ఉంది, కదలిక లేదు. బాస్ దాని వంక చూసి, టోపీ తీసి, మళ్ళీ పెట్టుకున్నాడు. ఆ తర్వాత, ఇంకా పూర్తిగా తెరుచుకోని నా కళ్ళ వంక చూశాడు.

"నీకూ ఉందే ఆ జబ్బు" అన్నాడు. జేబులోంచి ఆ పేలని తూటా తీసి నా చేతిలో పెట్టాడు. "ఉంచుకో. పనికొస్తుంది."

ఇన్నేళ్ళూ అది నా బల్ల మీదే ఉంది. బాస్ ఇప్పుడు లేడు. ఆయన నాటిన ఓకు చెట్లు నాకన్నా ఎత్తు పెరిగాయి. మొన్న కొత్త కుర్చీ తెప్పించుకుంటే మా అమ్మాయి, ఎలా ఉందని నేను తెలుగులో అడిగినదానికి తన ఐరిష్ యాసలో, "కుర్చీ బాగుంది డాడ్. మరి పుస్తకం?" అంది. సమాధానం వెతుక్కుంటూ తూటాను వేళ్ళ మధ్య తిప్పాను. ఈ కుర్చీకి వెనక ఆనుకునేది కొంచెం ఎత్తు ఎక్కువ. అందుకే రాయడం కుదరడం లేదు, లేకపోతేనా...