తువ్వాల కింద బత్తాయి

తెలంగాణ రాకముందటి మాట. గరిడేపల్లి నుంచి మా బావ బత్తాయిలు తీసుకొని సూర్యాపేట మార్కెట్‌కు వెళ్తుంటే, హేతువాద సభల్లో మైకు వదలని నేనూ వెంట వెళ్లాను. అక్కడ దళారీ, వ్యాపారి తువ్వాల కింద చేతులు దాచి, వేళ్లు నొక్కుకుంటూ బేరమాడేవారు. పండించినవాడికి వినపడేది చివరి ధర ఒక్కటే.

"బయటికి చెప్తే ఏమైతది?" అన్నాను.

"లక్ష్మి ఎల్లిపోతది సారూ," అన్నాడు దళారీ.

బావ నా చొక్కా లాగాడు. "ఊకో బామ్మర్దీ! వీళ్లు కొనకుంటే కాయ గీడనే కుళ్లిపోతది."

వాళ్లు మా కుప్ప ముందు చేతులు కప్పుకోగానే నేను తువ్వాల లాగేశాను. కింద లక్ష్మి లేదు, బేరమూ లేదు. వ్యాపారి మా బత్తాయే ఒలుస్తున్నాడు. సగం తొనలు దళారీ అరచేతిలో ఉన్నాయి.

"ధర పొద్దుగాల చాయ్ కాడనే అయిపాయె. గిది ఉత్త ఆచారం," అన్నాడు వ్యాపారి నములుతూనే.

ఇక మా కాయ ఎవరూ ముట్టరనుకున్నాను. అంతలో పక్క కుప్ప దగ్గరున్న తుంగతుర్తి రైతమ్మ లేచింది.

"కాయ తినెతందుకు తెరిసిన నోరు, ధర సెప్పెతందుకు తెరువరాదా అన్నా? తువ్వాల కప్పితే మా కాయ గూడ ఇయ్యం."

రైతులంతా ఆమె వెనక నిలబడ్డారు. ఆ రోజు వ్యాపారులు అందరి ముందూ ధర అరిచి వేలం పాట పాడక తప్పలేదు. మా కాయ మంచి ధరకే పోయింది.

నా ఉపన్యాసాలతో ఏనాడూ కదలని ఆచారం ఆమె ఒక్క మాటతో కదిలింది. లక్ష్మి మాత్రం ఎటూ వెళ్లలేదు. ఆ పూట మా బావ జేబులోనే కూర్చుంది.