చప్పుడు చేసే కూలర్

నారాయణఖేడ్ బస్టాండు వెనక కూలర్లు బాగుచేసే బషీర్, దేన్నైనా విప్పే ముందు వేలి కణుపుతో రేకును తట్టి, చెవి ఆనించి వింటాడు. అడుగు తుప్పుపట్టి, మోటారు కూడా కాలిపోయిందంటే దాని మీద ఇక డబ్బు తగలెయ్యొద్దని మొహం మీదే చెబుతాడు. చాలామంది వింటారు. మనూర్ ఊరి శంకరప్ప మాత్రం వినడు. కంది చేలున్న ఆసామి, కొత్తది కొనలేక కాదు. అయినా ఏటా ఎండలు ముదరగానే అదే పాత ఇనుప కూలర్‌ను బాగుచేయించుకుంటాడు. ఎందుకో బషీర్‌కు అంతుపట్టేది కాదు.

ఈసారి మోటారు కాలిపోతే బషీరే వాళ్లింటికి వెళ్లాడు. "పటేలా, గీ రిపేరు పైసలకు ఇంకిన్ని కలిపితే కొత్తదే వస్తది. సప్పుడు గూడ ఉండదు," అన్నాడు.

"గందుకే వద్దంటున్న," అన్నాడు శంకరప్ప.

అతని భార్య చంద్రమ్మ కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. "నడుమ చెక్క గోడనే ఉన్నది బషీరు. అవతల కొడుకు, కోడలు. ఇది నడుస్తుంటేనే మేమిద్దరం నాలుగు మాటలు మాట్లాడుకుంటం. చలికాలమంత మూగోళ్ల లెక్కనే ఉంటం."

బషీర్ వేరే మోటారు బిగించి స్విచ్ వేశాడు. పక్క రేకు దడదడలాడింది. దాని నట్లు బిగిద్దామని అలవాటుగా చెయ్యి చాపి, వెనక్కి తీసుకున్నాడు. భార్య వైపు వంగి శంకరప్ప ఏదో అన్నాడు. ఆమె పకపకా నవ్వింది. పక్కనే నిలబడ్డ బషీర్‌కు ఒక్క ముక్కా వినబడలేదు.