యాదయ్య బర్రె మీద నేను వేసిన నింద

తొమ్మిదేళ్లుగా ఒక బర్రె నా మనసులో నిలబడి ఉంది. కదలదు, కూర్చోదు. నవ్వితే నవ్వండి గాని, నేను దాని మీద నింద వేశాను.

చాంద్రాయణగుట్ట దాటాక, ఊరి చివర చెట్ల మధ్య మా చిన్న గోల్ఫ్ మైదానం ఉంది. నేను కాకినాడ నుంచి వచ్చిన ప్రభుత్వ ఇంజనీరును. పై అధికారి ఆడతారని నేనూ కర్ర పట్టాను. ఆ ఉదయం ఒంటరిగా సాధన చేస్తున్నాను. బంతి గుంటకు మూరెడు దూరంలో ఉంది. నాలుగుసార్లు కొట్టాను. నాలుగుసార్లూ పక్కనుంచే పోయింది. తర్వాత ఏం జరిగిందో గుర్తులేదు. కాదు, బాగా గుర్తుంది. తివాచీలా పెంచిన ఆ పచ్చికను ఇనుప కర్రతో బాదాను, చెయ్యి నొప్పి పుట్టేదాకా. యాభై ఏళ్ల మనిషి అలా చేస్తాడా? చేశాడు.

తలెత్తితే మైదానం అంచున ఒక బర్రె నెమరేస్తూ నన్నే చూస్తోంది. అంతలో మేనేజర్ వచ్చి, పచ్చిక చూసి నిలువునా ఆగిపోయాడు.

"గేదె," అన్నాను. ఆ ఒక్క మాటే.

బర్రె యజమాని యాదయ్యను పిలిపించారు. గౌలిపుర పాలవాళ్ల కుటుంబం, అక్కడ చోటు చాలక కొట్టం ఇటు మార్చుకున్నాడు. అతను గొంతుకూర్చుని, పచ్చికలో పడ్డ గుంతలో వేళ్లు పెట్టి కొలిచాడు.

"సార్, బర్రె డెక్క గింత ఉంటది. గీ గుంత సన్నగ, పొడుగ్గుంది. ఎట్లయితది?"

"పరుగెత్తితే కాలు జారుతుంది."

"అది ఉరకదు సార్. కడుపుతోని ఉంది. బస్సు హారన్ కొట్టినా జరగదు."

"నేను కళ్లారా చూశాను."

యాదయ్య నా మొహం చూశాడు. "చదువుకున్నోళ్లు. మీరు చూసిన్రంటే చూసినట్టే," అని బర్రె వైపు తిరిగాడు. "ఏందే, నీకు గీ అలవాటు ఎప్పుడైంది?"

బర్రె నెమరేస్తూనే ఉంది. నేను కర్రకంటిన మట్టిని బూటుకు తుడిచాను.

వారం తిరక్కుండా మైదానం చుట్టూ ముళ్లకంచె వేశారు. అంచు గడ్డి మీద బతికే బర్రెలకు యాదయ్య ఎక్కడెక్కడి నుంచో ఆటోలో గడ్డి మోయడం మొదలుపెట్టాడు. నన్నేమో, అప్రమత్తంగా ఉన్నందుకు, పచ్చిక సంరక్షణ కమిటీకి పెద్దను చేశారు. వద్దనవచ్చు కదా? అనలేదు. కొత్త టోపీ కూడా కొనుక్కున్నాను.

పోయిన నెల ఆ పదవి దిగిపోతుంటే శాలువా కప్పారు. బర్రె కథ చెప్పి చప్పట్లు కొట్టారు. మర్నాడు నిజం చెప్పేద్దామనే యాదయ్య కొట్టానికి వెళ్లాను. చిక్కటి చాయ్ ఇచ్చాడు. ఆ బర్రె కూతురి పాలట. రెండు గ్లాసులు తాగి, బాగుందని చెప్పి వచ్చేశాను. భయమా? సిగ్గా? చాయ్ నిజంగానే బాగుంది, అదొక కష్టం.

ఆ పని చేసింది నేను. బర్రె కాదు. ఈ రెండు ముక్కలు రాయడానికి పొద్దుటి నుంచి మూడు కాగితాలు చించాను. యాదయ్యకు ఎప్పుడు చెబుతానో తెలియదు, చెబితే ఏమంటాడో అసలే తెలియదు. చేతిరాత వంకరగా ఉంది గాని, నాదే. కాస్త ఊపిరాడుతోంది.