ఫ్రెంచి టీచరుగారి సినిమా

ప్రమీలారాణిగారు యానాంలో పుట్టింది, అక్కడ ఫ్రెంచివాళ్ళ బడిలో చదువుకుంది. నందిగామకి కాపురానికొచ్చి, భర్త పోయాక ఆ చదువుతోనే పొట్ట పోసుకుంది. కాలేజీలో రెండో భాషగా ఫ్రెంచి తీసుకుంటే మార్కులు బాగా పడతాయని అప్పట్లో ఒక నమ్మకం. అందుకే ఎరువుల కొట్టు నడిపే మా నాన్న వీరరాఘవయ్య నన్ను ఆవిడ దగ్గర చేర్చాడు. అందరం ఆడపిల్లలమే. మార్కుల కోసం వెళ్ళిన మాకు ఆవిడ పాటలు కూడా నేర్పింది. నేనూ ఆవిడలా పాఠం చెప్పాలనుకునేదాన్ని.

1978లో హైదరాబాదులో ఫ్రెంచి నేర్పే సంస్థ ఒకటి, తమ దేశపు సినిమా ఊళ్ళో వేయించి జనాన్ని రప్పిస్తే ఆవిడ ఇంటిని శాఖ చేస్తామని, జీతమిస్తామని చెప్పింది. ఆవిడ పొంగిపోయి చేత్తో పోస్టర్లు రాసి అంటించింది. ఫ్రెంచి సినిమా, ప్రవేశం ఉచితం.

ఫ్రెంచి సినిమా అంటే మా ఊరి మగాళ్ళకి ఒకటే అర్థం. స్కూలు హాలు కిక్కిరిసిపోయింది. జగ్గయ్యపేట నుంచి లారీలెక్కి వచ్చారు. మమ్మల్ని మాత్రం ఇళ్ళలోంచి కదలనివ్వలేదు.

తీరా చూస్తే, తప్పిపోయిన గొర్రెపిల్ల కోసం ఒక ముసలాయన కొండలన్నీ తిరుగుతాడట. సినిమా అంతా అదే. ఎప్పటికైనా ఏదో ఒకటి రాకపోతుందా అని మహానుభావులు చివరిదాకా కూర్చున్నారు. ఆడమనిషి కనబడితే ఒట్టు.

ఆ సంగతి బయటికొచ్చి చెప్పొచ్చుగా? చెప్తే వెళ్ళినట్టు తేలిపోతుంది. అందరూ నోరు కుట్టేసుకున్నారు. వెళ్ళనివాళ్ళు ఊహించుకున్నదే నిజమైపోయింది. టీచరు బూతు సినిమా ఆడించిందని ఊరంతా గుప్పుమంది. పిల్లల్ని ఒక్కొక్కరినే మానిపించారు.

నాన్న మాటంటే ఊళ్ళో విలువ. అమ్మ ఇంట్లో లేనప్పుడు ఆవిడ మా ఇంటికొచ్చింది. నేను తలుపు వెనక ఉన్నాను.

"మీరు ముందు వరసలోనే కూర్చున్నారు గదండీ. ఉన్నదున్నట్టు ఒక్కమాట చెప్పండి చాలు."

నాన్న గొంతు తగ్గించాడు. "అందులో తప్పేం లేదని నాకు తెలుసమ్మా. కానీ అసలెందుకెళ్ళావని అడిగితే ఏం చెప్పను? ఎదిగిన పిల్లుంది నాకు."

నన్ను అడ్డం పెట్టుకుని తప్పించుకున్నాడు. అది నాకు ఇప్పటికీ మింగుడుపడదు. మర్నాటి నుంచి నన్నూ మానిపించాడు. ఆయనంటే భయంతో విన్నది అమ్మక్కూడా చెప్పలేకపోయాను.

హాలు నిండిందని హైదరాబాదువాళ్ళు మురిసిపోయి శాఖ మంజూరు చేశారు. చూడ్డానికొచ్చిన మనిషికి ఖాళీ బల్లలే కనిపించాయి. మంజూరు రద్దయింది. ఆవిడ కంచికచర్లలో ఒక హాస్టల్లో వంటకి కుదిరి, 1983లో అక్కడే పోయింది.

నాన్న దహనానికి వెళ్ళొచ్చి, స్నానం చేసి అన్నానికి కూర్చున్నాడు.

"పాపం, ఆ సినిమాలో ఏమీ లేదే," అన్నాడు.

వడ్డిస్తున్న అమ్మ ఆగిపోయింది. "మీరూ వెళ్ళారా?" అంది.